అరవై ఒకటో చీటీ

అరవై ఒకటో చీటీ తమ్ముడి పిడికిట్లో ఉంది.

"ఇలా ఇవ్వరా," అంది అక్క.

"ఇవ్వను."

"నలిగిపోతోంది."

"నలగనీ. చింపేసేదానికి ఇస్త్రీ దేనికి?"

గోడ గడియారంలో ఏడూ పది. పదిన్నరకు కోర్టు. భోజనాల బల్ల మీద రెండువందల ముప్పై తొమ్మిది చీటీలు నంబర్ల వరసలో పరిచి ఉన్నాయి. అరవైకీ అరవై రెండుకీ మధ్య అరచేతి వెడల్పు ఖాళీ. అక్క కళ్ళు ఎటు తిప్పినా మళ్ళీ అక్కడికే పోతున్నాయి.

ఏడాదిన్నర పాటు ఈ ఇల్లు ఆ చీటీల మీదే నడిచింది. ముందుగదిలో అక్క పాత గేమ్ బాక్సు విప్పి, దాని లోపలి ప్రోగ్రామును అచ్చు తీసిన కాగితాలు చదివి, అది ఏం చేస్తుందో మామూలు మాటల్లో చీటీ మీద రాసేది. వెనకగదిలో తమ్ముడు ఆ కాగితాలు కంటితో చూడకుండా, చీటీలు మాత్రం చదివి, అదే పని చేసే కొత్త ప్రోగ్రాం సొంతంగా రాసేవాడు. అది ఉంటే బాక్సు లేకపోయినా బాక్సులో ఆటలు మామూలు కంప్యూటర్లో ఆడతాయి.

మధ్యలో నాన్న. ప్రతి చీటీ ఆయన చేతిమీదుగానే వెళ్ళాలి. బాక్సు ఏం చేస్తుందో ఉండొచ్చు. లోపల ఎలా రాశారో ఒక్క పంక్తి కూడా ఉండకూడదు. అది చూసి, నంబరు వేసి, సంతకం పెట్టి వెనకగదికి అందించేవాడు. భోజనాల దగ్గర కూడా అక్కా తమ్ముడూ బాక్సు ఊసెత్తేవారు కాదు. చూడకుండా రాసినవాడు కాపీ కొట్టినట్టు కాదని లాయరు చెప్పింది. కేసంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

కంపెనీ ఆ బాక్సు అమ్మడం మానేసి పన్నెండేళ్ళు. రిపేరు చెయ్యడం మానేసి తొమ్మిదేళ్ళు. కేసు వెయ్యడానికి మాత్రం తీరిక దొరికింది.

చీటీలన్నీ ఈరోజు తెమ్మన్నాడు జడ్జి. పొద్దున్నే వరసగా పేరుస్తుంటే అరవై ఒకటోది బోర్లా పడింది. వెనకవైపు నాన్న గుండ్రటి చేతిరాతలో పదకొండు పంక్తులు. అక్క చూడగానే గుర్తుపట్టింది. బాక్సు లోపలివి. అక్షరం పొల్లుపోకుండా.

కంపెనీ నిపుణుడు తమ్ముడి ప్రోగ్రాంలో పట్టుకున్న పదకొండు పంక్తులూ అవే. ఆ పని చెయ్యాలంటే ఎవరైనా అలాగే రాయాలి, కాబట్టి కలిశాయి అని వీళ్ళు జవాబు దాఖలు చేశారు. ఇందాకటి దాకా అక్క ఆ మాట మనసారా నమ్మింది.

"వెనక ఉన్నది చూసే టైపు కొట్టావా?" అంది.

తమ్ముడు కిటికీ వైపు చూశాడు.

"నిన్నే."

"మూడు వారాలు ఆటలో పడవ ఎడమకే లాగింది. ఏం చేసినా ఎడమకే. ఈ చీటీ వచ్చింది. ముందూ వెనకా ఉన్నది టైపు కొట్టాను. తిన్నగా వెళ్ళింది. మూడు వారాల తర్వాత తిన్నగా వెళ్తుంటే ఎందుకు వెళ్తున్నావని ఎవడన్నా అడుగుతాడా?"

"నువ్వు అడగాలి."

"నువ్వే పంపావనుకున్నా."

"నాన్న చేతిరాత నీకు తెలీదు?"

తమ్ముడు పిడికిలి ఇంకాస్త బిగించాడు.

గోడ పక్కన కుర్చీలో బావ కుడిచేతిలో రబ్బరు బంతి పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోయింది. అక్క మిషన్లు రిపేరు చేసే ఫిజియోథెరపీ సెంటర్లోనే చూపించారు. బంతులూ తాళ్ళూ కదిలించలేని వేళ్ళని ఒక పాత ఆట కదిలించింది. రాళ్ళ మధ్యనుంచి పడవ నడిపే ఆట. ఆరు నెలలకి సెంటర్లో ఆఖరి బాక్సు చచ్చిపోయింది. అక్కా తమ్ముడూ పని మొదలుపెట్టింది ఆ రోజు. ఇప్పుడు పంతొమ్మిది సెంటర్లలో తమ్ముడి ప్రోగ్రాం మీద ఆ పడవ నడుస్తోంది. అన్ని చోట్లా చెరిపించమని కంపెనీ కోరుతోంది.

"ఇంతకీ మనం దొంగలమా కాదా, ఎవరైనా తేల్చండి," అన్నాడు బావ. "చొక్కా దానికి తగ్గట్టు వేసుకుంటాను."

"నువ్వూరుకో బావా."

"ఊరుకునే ఉన్నాను కదరా. కదిలితే కదా గొడవ."

స్నానాలగది తలుపు తెరుచుకుంది. నాన్న సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో బయటికొచ్చాడు.

"పొద్దున్నే ఏమిటా అరుపులు?"

అక్క తమ్ముడి పిడికిలి వైపు చెయ్యి చూపింది. నాన్న అటు నడిచి చెయ్యి చాపాడు. తమ్ముడి వేళ్ళు మెల్లిగా విడిపోయాయి. నలభై ఏళ్ళొచ్చినా ఆ చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉండడం వాడికి రాలేదు.

"నాన్నా, ఆ వెనక రాసింది నువ్వేనా?"

కళ్ళద్దాలు లేవు. కాగితం దూరంగా పట్టుకుని చూశాడు. "నేనే. ఎగిరిపోయాయి కదా, ఎక్కించాను."

"ఎక్కడ ఎగిరిపోయాయి?"

"నీ చీటీలో. జాయ్‌స్టిక్ ఎక్కడ నిలబడి ఉందో బాక్సు ముందు చూసుకుంటుంది అని ఒక వాక్యం రాశావు. తర్వాత, అదే మధ్య అనుకుంటుంది అని ఇంకో వాక్యం. నీ బల్ల మీద మూలంలో చూస్తే ఆ రెండిటికీ మధ్య పదకొండు పంక్తులున్నాయి. హడావుడిలో వదిలేశావనుకున్నాను."

"మూలం ఎందుకు చూశావు నాన్నా?"

ఆ ప్రశ్న నాన్నకి నిజంగానే అర్థం కాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడాయన. "మూలంతో సరిచూడకుండా సంతకం ఎలా పెడతానే?"

"అన్నిటికీ చూశావా?" తమ్ముడి గొంతు సన్నగా వచ్చింది.

"అన్నీ చూశాను. ఎక్కించాల్సింది ఆ ఒక్కటే కనిపించింది. అక్క రాత శుభ్రంగా ఉంటుంది."

ఆ మెప్పుకి ఎవరూ సంతోషించలేదు.

"నాన్నా, అదే రాయకూడనిది," అంది అక్క. "వదిలేసింది కాదు. కావాలని రాయనిది. ఆ పంక్తులు వాడి కంట పడకూడదనే నిన్ను మధ్యలో కూర్చోబెట్టాం."

నాన్న చీటీ తిప్పాడు. ముందువైపు చూశాడు. వెనకవైపు చూశాడు. బుగ్గ మీద నురగ ఆరి పొరలా బిగుసుకుంది.

"నేను అఫిడవిట్ మీద సంతకం పెట్టాను," అన్నాడు. "ఏ చీటీలోనూ లోపలి పంక్తి ఒక్కటి కూడా లేదని. ప్రమాణం చేసి."

"తెలిసి పెట్టలేదుగా," అన్నాడు తమ్ముడు.

"చదివే పెట్టాను."

"అందుకే చెప్తున్నా, రెండువందల ముప్పై తొమ్మిదే ఇద్దాం. ఒకటి ఎక్కడో పోయిందందాం. ఆ జడ్జికి మెయిల్ వస్తే గుమస్తా ప్రింటు తీసి ఇవ్వాలంట. పదకొండు పంక్తులంటే ఏంటో ఆయనకేం తెలుస్తుంది? ఫోన్లో పాట పెట్టుకోవడం రాని మనిషి."

"రాని మనిషినే మోసం చేస్తావా?" అంది అక్క.

"నేను మోసం చెయ్యట్లేదు. కాగితం ఒకటి తక్కువిస్తున్నా."

"ప్రశ్నలడిగేది నన్ను. బోనెక్కేది నేను. నువ్వు తక్కువిస్తే అబద్ధం చెప్పాల్సింది నేనూ."

"నీకు అబద్ధం చెప్పడం కుదరదు, నాకు మాత్రం ఏడాదిన్నర పని పోవాలి. బాగుంది."

నాన్న బల్ల దగ్గరికి వెళ్ళి చీటీని అరచేత్తో నున్నగా సాపు చేసి, అరవైకీ అరవై రెండుకీ మధ్య పెట్టాడు. మిగతా సగం గడ్డం గీసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు ఈసారి గడియ పడింది.

* * *

కారు అక్క నడుపుతోంది. పక్కన బావ. వెనక తండ్రీ కొడుకులు, మధ్యలో చీటీల డబ్బా.

"రెండో గేరు," అన్నాడు బావ.

"రెండులోనే ఉంది."

"ఇంజను ఏడుస్తోంది, మూడుకి వెయ్యి."

వేసింది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. తమ్ముడు కాలు ఊపుతున్నాడు. ఆ ఊపుకి డబ్బా మూత టకటకమంటోంది. నాన్న దాని మీద చెయ్యి పెట్టి ఆపాడు.

కోర్టు వెనక ఖాళీ స్థలంలో బండి ఆపాక తండ్రీ కొడుకులు ముందు దిగి వెళ్ళారు. అక్క బావని దింపడానికి ఇటు తిరిగి వచ్చింది. ఆయన దిగకుండా కూర్చున్నాడు.

"మనం ఓడిపోతే ఆ ప్రోగ్రాం తీసేయాలండీ," అంది. "మన కంప్యూటర్లోంచి కూడా."

"తెలుసు."

"బొటనవేలు ఇప్పుడిప్పుడే మడుస్తున్నారు."

"అదీ తెలుసు. వేలు నాదే." బావ నవ్వలేదు. "చూడు. నా చెయ్యి పేరు చెప్పి అబద్ధమాడకు. ఆ చేత్తో నేను అన్నం తినాలి. అలాగని నిజం చెప్పెయ్యమనీ అనను. నాకు ఆ పడవ కావాలి. రోజంతా నాకు పనికొచ్చే గంట అదొక్కటే."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"నన్ను దింపమంటాను."

వరండాలో లాయరు ఎదురొచ్చింది. నల్లకోటు మీద సుద్ద మరక. ఎక్కడ ఆనుకుందో ఆమెకే తెలీదు. అక్క ఆమెని స్తంభం పక్కకి తీసుకెళ్ళి మూడు నిమిషాల్లో చెప్పేసింది.

లాయరు కళ్ళు మూసుకుంది. "మీరు నాకిది చెప్పలేదు."

"ఇప్పుడే చెప్పాను కదా."

"అదే నా బాధ." కళ్ళు తెరిచింది. "సరే, చెవులు మూసుకోలేదు కాబట్టి వినేశాను. మీతో అబద్ధం చెప్పించను. అడిగితే నిజం చెప్పండి. అడక్కపోతే మీరుగా నోరు తెరవకండి. చీటీలన్నీ ఇస్తున్నాం, దాచడం లేదు. వెనక్కి తిప్పి చూడడం వాళ్ళ పని."

"అడిగితే ఏమవుతుంది?"

"మీ నాన్నగారు ఒక్క చీటీలో పొరబడ్డారని జడ్జి నమ్మితే ఆ పదకొండు పంక్తులే పోవచ్చు. వాటిని వేరేలా రాసుకుంటే మిగతా ప్రోగ్రాం నిలబడొచ్చు. కానీ ఆయన ప్రమాణం తప్పవుతుంది. తప్పుడు ప్రమాణం అంటే ఈ జడ్జి ఊరుకోడు. పోయినేడు ఒక ముసలాయన్ని లోపలికి పంపాడు."

అక్క వరండా చివర బెంచీ మీద కూర్చున్న నాన్నని చూసింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్షకి పిలుపు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

"ఇంకో మాట. మీ తమ్ముడు లోపలి కాగితాలు స్వయంగా చూశాడని తేలిందా, ఇక పదకొండు పంక్తుల లెక్క ఉండదు. చూసి రాసినవాడవుతాడు. మొత్తం పోతుంది. పంతొమ్మిది సెంటర్లూ."

వెనక నిలబడి తమ్ముడు ఇదంతా విన్నాడు. అక్క తిరిగి చూసేసరికి మొహం తిప్పుకున్నాడు.

* * *

హాల్లో తెర వెలగలేదు.

గుమస్తా ప్లగ్గు తీసి పెట్టాడు. కంపెనీ లాయరు జూనియర్ ఒకడు వైరు కదిపాడు. ఇంకొకడు ప్రొజెక్టర్ నెత్తిన అరచేత్తో కొట్టాడు. చివరికి అక్కే లేచి వెళ్ళి స్విచ్‌బోర్డు మీద మీట కిందికి వేసింది. తెర వెలిగింది.

"ఈ హాల్లో ఒక్కరికైనా పని తెలుసునన్నమాట," అన్నాడు జడ్జి.

ఆరు నెలల్లో రిటైరవుతాడు. సన్నటి మనిషి, బరువైన పెన్ను. ముందు ఒక నోటు పుస్తకం, అందులో పొడవాటి పేజీలు నిండా ఏదో రాసుకున్నాడు.

కంపెనీ లాయరు లేచాడు. "యువరానర్, విషయం చాలా సింపుల్. మా ఇంటికి తాళం ఉంది. వీళ్ళు దొంగ తాళంచెవి చేయించారు. చెవి బాగా పనిచేస్తోంది కాబట్టి దొంగతనం కాదంటున్నారు."

వీళ్ళ లాయరు లేచింది. "తాళంచెవి కాదండి. క్యాసెట్ మీరు కొన్నారు, టేప్ రికార్డర్ పాడైంది. ఇంకొకరు తయారుచేసిన టేప్ రికార్డర్లో అదే క్యాసెట్ వినడం నేరమా అన్నదే ప్రశ్న."

జడ్జి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మూడు వాయిదాలుగా వింటున్నాను. తాళంచెవి, టేప్ రికార్డర్, పోయినసారి మీరే కాబోలు వంటపుస్తకం అన్నారు. నా ముందున్నది ఇవేవీ కావు. ఒక పెట్టె ఉంది, ఒక ప్రోగ్రాం ఉంది. ఉపమానాలు చాలు. వస్తువు చూపించండి."

చూపించారు. బల్ల మీద ఒక పక్క బాక్సు, బతికున్న అతి కొద్దివాటిలో ఒకటి, కంపెనీ తెచ్చింది. ఇంకో పక్క తమ్ముడి కంప్యూటర్. రెండు తెరల మీదా ఒకే నది, ఒకే పడవ. జడ్జి కిందికి దిగి వచ్చి తమ్ముడి వైపు జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. పడవ నాలుగు గజాలు పోయి రాయికి గుద్దుకుంది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ అదే రాయి.

"ఇది రికార్డులో రాయకండి," అన్నాడు స్టెనోగ్రాఫర్‌తో.

వెనక వరసలో బావ ఆపుకోలేకపోయాడు. "కాస్త ముందే తిప్పాలి సార్."

గుమస్తా అటు గుర్రుగా చూశాడు. జడ్జి మాత్రం తల ఊపి మూడోసారి ముందే తిప్పాడు. పడవ రాయి దాటింది. ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో మెరిసి మాయమైంది. వెళ్ళి కుర్చీలో కూర్చుని అక్కని బోనెక్కమన్నాడు. ప్రమాణం చేయించారు.

"ఈ పెట్టె ఏం చేస్తుంది అన్నది వేరు, ఎలా చేస్తుంది అన్నది వేరు అని మీ జవాబులో రాశారు. నాకు తేడా చెప్పండి అమ్మా. ఉపమానం లేకుండా."

అక్క ఊపిరి తీసుకుంది. "ఆన్ చెయ్యగానే జాయ్‌స్టిక్ ఎక్కడ ఆగి ఉందో బాక్సు చూసుకుంటుందండి. అదే మధ్య అనుకుని మొదలుపెడుతుంది. బయటినుంచి ఎవరైనా కనిపెట్టగలిగేది అది. ఏం చేస్తుంది అంటే అంతే. లోపల ఏ అంకె ముందు తీసుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది, ఎన్నిసార్లు చూస్తుంది, అదంతా ఎలా చేస్తుంది అన్నది. మొదటిది నేను రాశాను. రెండోది మా తమ్ముడు తన ఆలోచనతో రాయాలి."

జడ్జి పుస్తకంలో రాసుకున్నాడు. అర్థమైన మనిషి రాసే తీరులో, ఆగకుండా రాశాడు. తమ్ముడి కాలు ఊగడం ఆగిపోయింది. ఫోన్లో పాట పెట్టుకోవడం రాని మనిషి, మూడు వాయిదాల్లో ఏ లాయరూ చెప్పలేనిది ఒక్క ప్రశ్నతో రాబట్టాడు.

కంపెనీ లాయరు రెండు కాగితాలు, బాక్సుదొకటీ తమ్ముడిదొకటీ, ఎత్తాడు. "అయితే యువరానర్, ఈ పదకొండు పంక్తుల సంగతేమిటి? అక్షరం తేడా లేదు. ఎవరి ఆలోచన ఇది?"

కాగితాలు జడ్జి చేతికి వెళ్ళాయి. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పైన ఫ్యాన్ గరగరలాడుతోంది. అక్క బోను కమ్మీ పట్టుకుంది.

"మొత్తం ప్రోగ్రాం ఎన్ని పంక్తులు?" అన్నాడు జడ్జి.

"నలభై వేల పైన అండి."

"ఇవి మాత్రం మొదట్లో వస్తాయి. ఆన్ చెయ్యగానే."

"అవునండి."

జడ్జి కుర్చీలో వెనక్కి వాలాడు. మొహం విచ్చుకుంది. "నాకిప్పుడు బోధపడింది. లాయరు గారూ, మీరు వేసే ప్రతి దావా మొదటి పేజీ చూడండి. పైన కోర్టు పేరు, కింద నంబరు, వాది, ప్రతివాది. ఆవిడ వేసినా అదే, మీరు వేసినా అదే. ఒకరిది ఒకరు కాపీ కొట్టారంటామా? మొదట్లో వచ్చేవి కాబట్టి ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి."

వెనకనుంచి కంపెనీ నిపుణుడు తమ లాయరు గౌను పట్టుకుని లాగుతున్నాడు. లాయరు విదిలించుకున్నాడు. ఏం జవాబు చెప్పాలో ఆయనకీ తెలియడం లేదని అక్కకి అర్థమైంది.

అందరి ఉపమానాలూ తోసిపుచ్చిన మనిషి తనదొకటి దొరకగానే దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అది తప్పు. ఎందుకు తప్పో ఈ హాల్లో విడమరిచి చెప్పగలిగినవాళ్ళు ముగ్గురు. అక్క, తమ్ముడు, మాట్లాడే వీల్లేని ఆ నిపుణుడు.

జడ్జి ఆమె వైపు తిరిగాడు. గొంతులో ఆదరం కూడా ఉంది.

"అంతే కదమ్మా?"

అవునండి అంటే చాలు. ఒక్క మాట. ఆ మాటతో పంతొమ్మిది సెంటర్లలో రేపు పొద్దున్న పడవలు కదులుతాయి. నాన్న ఇంటికెళ్ళి పేపరు చదువుకుంటాడు. చీటీ నంబర్ల వరసలో తన చోట తాను ఉంటుంది. లాయరు బల్ల మీద చూపు పెట్టి కదలకుండా కూర్చుంది. బావ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఉన్నాడు.

"కాదండి," అంది అక్క.

"ఏమిటి?"

"అది హెడ్డింగు లాంటిది కాదండి. అదే పని పది రకాలుగా రాయొచ్చు. మా తమ్ముడు తనంతట తను రాస్తే ఇలా రాయడు. వాడి పద్ధతి వేరు." చీటీల డబ్బా వైపు చెయ్యి చూపింది. "అవి బాక్సులోవే. అరవై ఒకటో చీటీ వెనక ఉన్నాయి."

హాల్లో కుర్చీలు కదిలాయి. కంపెనీ లాయరు మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా రాలేదు. విన్నది నిజమేనా అన్నట్టు జూనియర్ వైపు చూశాడు. గుమస్తా డబ్బా తెరిచి కట్ట విప్పి ఒక చీటీ తీసి పైకి అందించాడు. జడ్జి వెనక్కి తిప్పాడు. అందాకా ఆయన మొహంలో ఉన్న వెలుగు పోయింది. తను పొరబడ్డానన్న సంగతి ఆయన దాచుకోలేదు. నోటు పుస్తకంలో ఒక వాక్యం అడ్డంగా కొట్టేశాడు.

"ఇది మీ రాత కాదు. ముందువైపు అక్షరాలు వేరు."

"కాదండి."

"ఎవరి చేతిరాత?"

అక్క నాన్న వైపు చూడకూడదనుకుంది. చూడకుండా ఉండడానికి ఎదురుగా ఉన్న గోడ మీద పెచ్చు ఊడిన చోట చూపు నిలిపింది. గొంతులోంచి మాట రావడానికి ఇంకొక్క క్షణం కావాలి.

ఆ క్షణంలో కుర్చీ ఒకటి వెనక్కి జరిగింది.

"నాదండి," అన్నాడు తమ్ముడు.

లాయరు వాడి మోచెయ్యి పట్టుకుంది. వాడు విడిపించుకున్నాడు. "మూడు వారాలు పని ముందుకు పోలేదు. అక్క లేనప్పుడు ఆ గదిలోకి వెళ్ళి కాగితాలు చూశాను. అవి ఎక్కించుకున్నాను. మా నాన్నకి తెలీదు. ఆయన సంతకం పెట్టాక వెనక రాశాను. ఆయన ప్రమాణం చేసింది నిజమే."

పొద్దున కాగితం పిడికిట్లో బిగించి ఏడాదిన్నర పని పోతుందని కొట్లాడినవాడు. వరండాలో లాయరు మాట విన్నవాడు. ఏ మాట చెప్తే మొత్తం పోతుందో తెలుసుకుని, ఏరి ఆ మాటే చెప్పాడు.

కంపెనీ లాయరు మెల్లిగా కూర్చున్నాడు. ఇక మాట్లాడాల్సిన అవసరం ఆయనకి లేదు.

జడ్జి చీటీని వెలుగుకి పట్టుకున్నాడు. తర్వాత తమ్ముడి కేసి చూశాడు. తర్వాత అక్క కేసి.

"మీ తమ్ముడు ప్రమాణం చేసి మాట్లాడలేదు. మీరు ప్రమాణం చేసి ఉన్నారు," అన్నాడు. "ఈయన చెప్పింది నిజమేనా?"

అవునంటే పంతొమ్మిది సెంటర్లూ పోతాయి, కాదంటే నాన్న ప్రమాణం తప్పవుతుంది. స్టెనోగ్రాఫర్ వేళ్ళు ఆగాయి. మూడో వరసలో నాన్న లేచి నిలబడ్డాడు. ఇల్లు దాటాక ఒక్క మాటా మాట్లాడని మనిషి, నోరు తెరవబోతున్నాడు. గుమస్తా చెయ్యి పైకెత్తి వారించాడు. ఆయన కూర్చోలేదు. తమ్ముడు తల అడ్డంగా ఊపుతున్నాడు, అక్కకి మాత్రమే కనిపించేటంత చిన్నగా.

"నాన్నా, కూర్చో," అంది అక్క బోనులోంచే.

ఆయన కూర్చునేదాకా ఆగి, జడ్జి వైపు తిరిగింది.